పరాయి ఊళ్ళో పాత కారు

పరదేశమనగానే సముద్రం దాటి వెళ్ళే చోటన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉన్నది. సిరిసిల్ల నేతకారులను అడిగి చూడండి. ఆ మాటకు వేరే అర్థం చెబుతారు. వారి పెద్దలకు భీవండీ పరదేశమే, షోలాపూరు పరదేశమే, సూరత్ అంతకన్న దూరపు పరదేశం. పాస్‌పోర్టు అక్కరలేదన్న మాటే గాని, కాగితాలు అడిగే బల్ల ముందు నిలబడినప్పుడు కలిగే బెరుకు దుబాయిలో ఎంతో ఇక్కడా అంతే. పాత కారు ఒకటి కొనవలసి వచ్చిన ఏడాది ఈ సంగతి నాకు పూర్తిగా బోధపడింది.

మరమగ్గాలపై పనికని కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తరాల తరబడి స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే మనవారి సంఖ్య ఊహించుకోవచ్చు. అక్కడ తంగేడు పూలు వెతుక్కోవలసి వస్తుందేమో గాని బతుకమ్మ ఆగదు. నేనుండేది మాత్రం జోల్వాలో. సూరత్ నుండి కడోదరా మీదుగా బార్డోలి వైపు పోతుంటే పల్సాణా తాలూకాలో తగిలే ఊరు ఇది. పేరుకు గ్రామమే, కాని చెరకు తోటల నడుమ పాలియెస్టరు దారం తీసే కర్మాగారాలూ, బట్టకు రంగులద్దే మిల్లులూ లేచి, ఒడిశా నుండీ, బీహారు నుండీ, ఉత్తరప్రదేశ్ నుండీ వచ్చిన కార్మికులతో నిండిపోయింది. తెలుగువారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. అటువంటి ఒక రంగుల మిల్లులో లెక్కలు చూసే ఉద్యోగం నాది.

కారు నాకు విలాసం కాదు. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు, ఉబ్బసం ఉన్నది. వర్షాకాలంలో అర్ధరాత్రి ఊపిరి అందక కూర్చుండిపోతుంది. పెద్ద ఆసుపత్రులన్నీ సూరత్ నగరంలోనే. ఆ వేళ ఆటో దొరకదు. స్కూటరు మీద, నా వీపుకూ తల్లి ఒడికీ మధ్య ఆ పసిదాన్ని కూర్చోబెట్టుకొని, లారీలు చిమ్మే బురదనీళ్ళలో రెండుసార్లు వెళ్ళాము. మూడవసారి అలా వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాము. మూడు లక్షలకు లోపు దొరికేది పాత కారే.

మొదట కబురు వచ్చింది కరీంనగర్ నుండి. నా భార్య తమ్ముడు కొత్త బండి తీసుకుంటున్నాడు. "బావా, బయటోళ్లకు అమ్ముడెందుకు? నువ్వే తీస్కో. పైసలు ఉన్ననాడియ్యి" అన్నాడు. అంతకన్న ఏం కావాలి? తెలంగాణ నెంబరు పలకతో బండి జోల్వా వీధిలో నిలబడితే ఊరే వచ్చి గుమ్మంలో నిలిచినట్లు ఉంటుందని మా ఇంట్లో సంబరం.

అయితే చట్టం మాటేమిటి? 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి పన్నెండు నెలలకు మించి మరొక రాష్ట్రంలో ఉంటే, అక్కడి నెంబరు తీసుకొని తీరాలి. అందుకు ముందు పాత కార్యాలయం నుండి అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. దానికి 28వ నెంబరు ఫారం. కొత్త రాష్ట్రంలో రోడ్డు పన్ను మళ్ళీ కట్టాలి. పాత రాష్ట్రంలో జీవితకాలానికి కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి ఇవ్వమని అర్జీ పెట్టుకోవచ్చు గాని, అది చేతికి వచ్చేదాకా డబ్బు మనది కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఈ చిక్కు తీర్చడానికి భారత్ సిరీస్ నెంబర్లు ప్రవేశపెట్టింది. అవి రక్షణ సిబ్బందికీ, ప్రభుత్వోద్యోగులకూ, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యాలయాలున్న సంస్థల ఉద్యోగులకూ వర్తిస్తాయి. మా మిల్లుకు ఉన్నది ఒకే గేటు.

లెక్క వేసి చూస్తే ఇంటి బండి పరాయి బండికన్న ఖరీదైనదిగా తేలింది. బామ్మర్దికి ఆ సంగతి చెప్పడం లెక్క వేయడంకన్న కష్టమైంది.

ఇక మిగిలినవి ఇక్కడి అంగళ్ళు. సూరత్‌లో పాత కారు కొనేవాడు ముందుగా నీళ్ళను గురించి ఆలోచించాలి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదిలిన నీటితో తాపీనది పొంగి నగరంలో అత్యధిక భాగాన్ని ముంచివేసింది. ఆనాడు మునిగిన బళ్ళు ఈపాటికి తుక్కై ఉంటాయి. కాని నగరంలో పారే ఖాడీలున్నాయి, వాగులన్న మాట. గట్టి వానలు పడిన ఏడు మీఠీ ఖాడీ పొంగి లింబాయత్ వీధుల్లోకి వస్తుంది. బండిలో నడుములోతు నీళ్ళు నిలిచిన సంగతి ఏ అమ్మకందారూ తనంతట చెప్పడు.

మా మిల్లు బళ్ళను చూసే మెకానిక్ ఉత్తరప్రదేశ్ వాడు. ఆయన నాకు నేర్పిన పాఠాలు ఏ పుస్తకంలోనూ చదవలేదు. సీటు బెల్టును చివరికంటా బయటికి లాగి చూడమన్నాడు. పైభాగాన్ని ఎంత కడిగినా, లోపల చుట్టుకొని ఉన్న మూరెడు పట్టీ మీద బురదచార మిగిలిపోతుందట. కాలికింది తివాచీ ఎత్తి ముక్కు పెట్టి చూడాలి. సీటు జరిగే పట్టాలకు తుప్పు ఉన్నదా, అదనపు చక్రం ఉంచే గుంటలో మట్టి ఉన్నదా, ముందు దీపాల అద్దాల లోపల ఆవిరి మరకలున్నాయా గమనించాలి. మీటరు వెనక్కి తిప్పారన్న అనుమానముంటే అంకెను చూడకుండా బ్రేకు పెడలు రబ్బరును చూడాలి. ముప్పైవేల కిలోమీటర్లే తిరిగిన బండికి అరిగి నున్నబడిన పెడలు ఎందుకుంటుంది? టైరు మీద నాలుగు అంకెలుంటాయి; మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అవి బండి వయస్సుతో పొసగకపోతే కారణమడగాలి. గ్యాసు బండి అయితే సిలిండరుకు మూడేళ్ళకొకసారి జరగవలసిన పీడన పరీక్ష జరిగిందా, ఆ గ్యాసు అమరిక రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైందా చూడాలి.

ఒక వ్యాపారి దగ్గర వెండిరంగు కారు మా అందరికీ నచ్చింది. సీట్లకు కొత్త తొడుగులు, లోపల అగరువత్తుల వాసన. మెకానిక్ మాటాడకుండా వెనుక సీటు బెల్టు లాగుతూ పోయాడు. చివరి జానెడు బంకమన్ను రంగులో బయటికి వచ్చింది. వ్యాపారి కూడా ఏమీ మాటాడలేదు. మాకు టీ తెప్పించాడు. పాత బళ్ళ వ్యాపారులు రవాణాశాఖ వద్ద అధికారపత్రం పొందాలనీ, తమ స్వాధీనంలోకి వచ్చిన బండి వివరాలు తెలియజేయాలనీ 2023 ఏప్రిల్ నుండి నిబంధన అమలులో ఉన్నది. ఆ పత్రం చూపమంటే కూడా టీయే వచ్చింది.

1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల సంతనే ఉదాహరణగా తీసుకొని ఒక వ్యాసం రాశాడు. బండి మంచిచెడ్డలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు. కనుక కొనేవాడు భయపడి సగటు ధరకన్న ఎక్కువ ఇవ్వడు. ఆ ధరకు మంచి బండి అమ్మడం నష్టమని దాని యజమాని సంతకే రాడు. చివరికి సంతలో మిగిలేవి చెడ్డ బళ్ళే. 2001లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి రావడానికి ఈ ఆలోచనే పునాది. అగరువత్తుల వాసన సంగతి ఆయన రాయలేదు గాని, మిగిలినదంతా నేను చూసిన అంగడే.

దుబాయిలో ఉన్న మా పినతండ్రి కుమారుడు ఫోనులో ఈ కథ విని నవ్వాడు. అక్కడ రిజిస్ట్రేషన్ కార్డును ముల్కియా అంటారు. పాతబడిన బండి ఏటేటా పరీక్షకు నిలబడాలి. బాకీపడ్డ జరిమానాలు తీరితే గాని పేరు మారదు. పరాయి దేశమైనా ఆ ఒక్క విషయంలో తనకు నిశ్చింత అన్నాడు. ఇక్కడా ఇప్పుడు జరిమానాలు, బ్యాంకు అప్పు, ఎన్నో యజమాని అన్న వివరాలు ప్రభుత్వ వాహన్ జాబితాలో నెంబరు కొట్టి చూసుకోవచ్చును. బురద సంగతి మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు.

చివరికి బండి దొరికింది లింబాయత్‌లోనే, మనవారి వద్దనే. ఆయనను అందరూ కాక అని పిలుస్తారు. ముప్పై ఏళ్ళ కిందట మగ్గం కార్మికుడుగా వచ్చి, తర్వాత స్వంతంగా కొన్ని మగ్గాలు నడిపినవాడు. కొడుకులు హైదరాబాదులో స్థిరపడ్డారు. మగ్గాలు అమ్మేశాడు, ఇల్లు అమ్మేశాడు. దసరాకల్లా సిరిసిల్లకు తరలిపోతున్నాడు. 2015 నాటి వ్యాగనార్, గ్యాసుతో నడిచేది, మొదటి నుండీ ఆయన చేతిలోనే ఉన్నది. అడిగినది రెండు లక్షల డెబ్బైఐదు వేలు.

మనవారి వద్ద కొనడంలో ఒక ఇబ్బంది ఉన్నది. బేరమాడితే మర్యాద కాదు. మెకానిక్‌ను వెంటబెట్టుకొని పోతే నమ్మలేదన్నట్లు అవుతుంది. నేను సందేహిస్తుంటే ఆయనే తేల్చివేశాడు. "బిడ్డా, మగ్గం కొన్ననాడు నేను తిప్పి చూసి, షటిల్ తీసి చూసి కొన్న. బండి సూడకుంట కొంటవా? తీసుకరా నీ మేస్త్రీని." మెకానిక్ రెండు గంటలు చూశాడు. బెల్టులు శుభ్రంగా ఉన్నాయి. క్లచ్చి ప్లేటు మార్చాలన్నాడు, గ్యాసు సిలిండరు పరీక్షకు గడువు దాటిందన్నాడు. కాక ఆ రెండింటికీ పదిహేను వేలు తానే తగ్గించాడు. హారను బొంగురుగా మోగుతుందని నేనంటే మాత్రం, అది మొదటి నుండీ అంతేనని ఒక్క పైసా తగ్గించలేదు.

నాకన్న కాకకే పేరు మార్పిడి తొందర ఎక్కువగా ఉన్నది. కారణం లేకపోలేదు. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ పత్రంలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగిననాడు నష్టపరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తాను సిరిసిల్లలో అరుగుమీద కూర్చున్ననాడు సూరత్ కోర్టు నోటీసు రావడం ఆయనకు ఇష్టం లేదు. చట్టం ప్రకారం రాష్ట్రంలోపలి అమ్మకాన్ని అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో తెలియజేయాలి. 29, 30 నెంబర్ల ఫారాల మీద సంతకాలు పెట్టడానికి ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని, ప్రతి గడీ నాచేత తెలుగులో చదివించుకున్నాడు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి దలాలీకి ఇవ్వడం ఈ సంతలో మామూలే. ఆయన అలా చేయలేదు. బీమా కూడా నా పేరుకు మార్చమని అర్జీ ఇచ్చాము. క్లెయిములు లేనందుకు కాకకు కూడిన తగ్గింపు మాత్రం బండితో రాదు, మనిషితో పోతుంది.

అసలు చిక్కు చిరునామా దగ్గర వచ్చింది. నా ఆధార్ కార్డు మీద ఉన్నది సిరిసిల్ల ఇంటి నెంబరు. గుజరాత్‌లో బండి నా పేరు మీదికి రావాలంటే ఇక్కడి చిరునామాకు ఋజువు కావాలి. అద్దె ఒప్పందం చేతబట్టుకొని చిరునామా మార్చబోతుంటే మా అమ్మ అడ్డుపడింది. ఆమె మా దగ్గరే ఉంటున్నది. "ఊరి పేరు కాగితం మీదికెళ్లి తీసేస్తే, రేపు మన ఇల్లు మనదని చెప్పెటోడు ఎవడు కొడకా?" అన్నది. ఆధార్ వేరు, ఓటర్ల జాబితా వేరు, ఇంటి దస్తావేజు వేరు అని ఎంత చెప్పినా ఆమె ముఖంలో భయం పోలేదు. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం నాకు సమంజసంగా తోచలేదు. వలసవచ్చిన వారిని కాగితమే కదా ఎక్కడైనా నిలబెట్టేదీ, తోసివేసేదీ. రెండు రోజులు ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. మూడవనాటి రాత్రి పాపకు మళ్ళీ ఆయాసం వచ్చింది. ఆవిరి యంత్రంతో తెల్లవారుజాముకు తగ్గింది. పొద్దున్నే అమ్మే వచ్చి, "నీదొక్కటే మార్చు. నాది ముట్టకు" అన్నది. ఆ ప్రకారమే చేశాను. ఇప్పుడు మా ఇంట్లో కొడుకు జోల్వావాడు, తల్లి సిరిసిల్లది.

కార్యాలయంలో మరొక వింత. గుజరాతీయులు ముందు తన పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. మనకు ఇంటిపేరు ముందు. గుమాస్తా నన్ను ఇంటిపేరుతో ఎన్నోసార్లు పిలిచాడు. నేను ఎవరినో పిలుస్తున్నాడనుకొని కూర్చున్నాను. ఒక్క రాష్ట్రంలోపలి మార్పిడి కనుక నెంబరు మారలేదు. జి.జె. 05, సూరత్ గుర్తు, అలాగే ఉండిపోయింది. కొత్త కార్డు వచ్చేసరికి నవరాత్రులు దగ్గరపడ్డాయి. కాక నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దాకా వెళ్తున్నాడు. సామానుతో ఆయన్ను స్టేషనుకు చేర్చింది ఆ కారే. గ్యాసు సిలిండరు వెనుక జాగానంతా ఆక్రమించడంతో ఒక ట్రంకుపెట్టె పైకెక్కించి తాళ్ళతో కట్టవలసి వచ్చింది.

ఆ తర్వాతి వర్షాకాలంలో పాపను మూడుసార్లు నగరానికి తీసుకువెళ్ళాము. మూడుసార్లూ తడవకుండా, తల్లి ఒడిలో పడుకొని వెళ్ళింది. సూరత్‌లో పెద్దవానలని టి.వి.లో చూసినప్పుడల్లా కాక ఫోను చేస్తాడు. మీఠీ ఖాడీ దిక్కు బండి తీసుకపోవద్దని చెబుతాడు, పాప ఎట్లున్నదని అడుగుతాడు. పోయిన వారం హారను సంగతి అడిగాడు. ఇంకా బొంగురుగానే మోగుతోందని చెప్పాను.