బాపు వాచీలో పార్టులు కలవలేదు

గల్ఫ్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినవాళ్ళ చేతికి సీకో ఫైవ్ వాచీ ఉండడం మా కరీంనగర్ వైపు ఒకప్పుడు మామూలు సంగతి. చేతిలో టేప్ రికార్డర్, సూట్‌కేసులో సెంటు సీసాలు, మణికట్టుకు తళతళలాడే స్టీలు వాచీ. మా బాపు కూడా దుబాయి నుంచి అలాంటిదే తెచ్చుకున్నాడు. ఆయన పోయాక అది తమ్ముడి దగ్గర ఉంది.

పోయినేడు తమ్ముడు దాన్ని హైదరాబాదులో పాత వాచీలు కొనే ఒకాయనకు చూపించాడు. "ఇందులో పార్టులు ఒకదానికొకటి కలవవు" అన్నాడట ఆయన. ఆ రాత్రే నాకు ఫోను. "అన్నా, ఇది బాపు వాచీ కాదేమో. ఎవరో మార్చేసిన్రు" అంటుంటే వాడి గొంతు పూడుకుపోయింది. ఇన్నేళ్ళూ తన దగ్గరే ఉంది కాబట్టి నేను తనని అనుమానిస్తానేమోనని వాడి భయం.

డిసెంబరు సెలవులకు వెళ్ళినప్పుడు వాచీ రిపేరు చేసే ఆయన చేత వెనక మూత తీయించాం. పన్నెండేళ్ళ మా అమ్మాయి భూతద్దం పట్టుకుంది.

సీకో వాచీ మూత మీద రెండు నంబర్లు ఉంటాయి. మొదటిదాంట్లో గీతకు ముందున్న నాలుగంకెలు మిషన్ రకం, తర్వాతి నాలుగు కేసు రకం. రెండోది సీరియల్ నంబరు. దాని మొదటి అంకె తయారైన సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకు ఓ, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి.

మా వాచీ మూత మీద 7009 అని ఉంది. సీరియల్ 82తో మొదలైంది. అంటే ఎనిమిదితో ముగిసే ఏడాది, ఫిబ్రవరి నెల. 1978 కావచ్చు, 1988 కావచ్చు. ఆ మిషన్ రెండు దశాబ్దాల్లోనూ తయారైంది. అమ్మ పెట్టెలోని ఫోటో ఆ చిక్కు విడదీసింది. తమ్ముడి ఇరవై ఒకటో రోజు వేడుక, వెనక 1980 అని రాసి ఉంది. బాపు చేతికి అదే కేసు, అదే గొలుసు.

లోపలి మిషన్ మీద మాత్రం 7ఎస్26 అని ఉంది. అది 1996లో గానీ మార్కెట్లోకి రాలేదు. వారాల చక్రం తిప్పితే ఇంగ్లీషు తర్వాత స్పానిష్ కనిపించింది! బాపు తెచ్చినప్పుడు అరబ్బీ ఉండేదని అమ్మకు బాగా గుర్తు. డయల్ అడుగు అంచున సన్నగా ఉండాల్సిన నంబరు లేదు, అక్షరాలు లావుగా ఉన్నాయి. అంటే మళ్ళీ రంగు వేసి అచ్చేసిన డయల్.

"అయితే ఇది ఫేకా నానమ్మా?" అంది మా అమ్మాయి.

"ఫేకేంది? 1999ల మీ తాత బోరు కాడ పనిచేస్తుంటే లోపటికి నీళ్ళు పోయినై. కొత్తది కొనుక్కోమంటే ఇనలే. బస్టాండు కాడ ఇచ్చి మిషనూ, డయలూ మార్పిచ్చుకున్నడు. నడిస్తే చాలన్నడు."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేందే?" అన్నాడు తమ్ముడు.

"నువ్వడిగినవా?"

వాడు వాచీని చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు రోజూ కట్టుకుంటున్నాడు.

ఇలాంటి వాచీకి అమ్మకంలో ధర తగ్గుతుంది. అమ్మేవాళ్ళు ఏ పార్టు ఎప్పటిదో కొనేవాళ్ళకు దాచకుండా చెప్పాలి కూడా. మాది అమ్మేది కాదు. అయినా మా అమ్మాయి ఒక చీటీ రాసి వాచీ డబ్బాలో పెట్టింది: కేసు 1978, మిషన్ 1996 తర్వాతది, డయల్ మళ్ళీ వేసింది, తాతయ్య రిపేరు చేయించింది 1999.

మీ ఇంట్లోనూ ఏ బీరువా అరలోనో ఇలాంటి వాచీ ఉండే ఉంటుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పిల్లల చేతికి భూతద్దం ఇవ్వండి. సన్న అక్షరాలకు వాళ్ళ కళ్ళే నయం. నంబర్లు సంవత్సరం చెబుతాయి. ఎందుకు మార్చారో ఇంట్లో పెద్దవాళ్ళే చెప్పాలి. చెప్పేవాళ్ళు ఉండగానే అడగండి.