చిన్నమ్మ బురఖా

మా చిన్నమ్మ కువైట్ పోయేటప్పుడు పూల పూల పాలిస్టర్ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని పోయింది. నాకప్పుడు పదేళ్లు. నాలుగేళ్ల తర్వాత చెన్నై ఎయిర్‌పోర్ట్ నుంచి కారు వచ్చి మా అవ్వ ఇంటి ముందు ఆగింది. అందులోంచి నల్ల బురఖా, తల చుట్టూ బిగించిన స్కార్ఫ్‌తో ఒకావిడ దిగింది. అవ్వ గడప దగ్గరే నిలబడి "ఎవురు కావాలమ్మా?" అని అడిగింది. "అమ్మా, నేనే" అనగానే అవ్వ ఏడ్చేసింది. సంతోషంతోనా, ఇంకెందుకైనానా అన్నది నాకు తెలీలేదు.

మేం దూదేకులోళ్లం. నూర్‌బాషాలని కూడా అంటారు. ఒకప్పుడు మా పెద్దవాళ్లు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మావాళ్ల పేర్లు దస్తగిరి, మస్తానమ్మ, హుస్సేనప్ప ఇలా ఉంటాయి. రోల్ కాల్‌లో లెక్చరర్లు ఒక్క క్షణం ఆగి చూసే పేర్లు. మా అవ్వ జీవితమంతా చీరే కట్టింది. పీర్ల పండక్కి గుండం దగ్గర మొక్కుకునేది. ఉగాది రోజు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లడం మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. మా అవ్వకి అది వార్త కాదు, పండగ పని.

అలాంటి ఇంట్లోకి బురఖా వచ్చింది. నాకు నచ్చలేదు. "ఎక్కడో అరబ్బుల డ్రెస్ మనకెందుకు?" అని మనసులో చాలాసార్లు అనుకున్నా. పైకి ఎప్పుడూ అనలేదు. అనకుండా చేసిన పని ఇంకా ఘోరం. అదే ఇప్పుడు చెప్పబోతున్నా.

ఫస్టియర్‌లో ఉండగా చిన్నమ్మ లీవ్‌లో వచ్చి, నన్ను చూడ్డానికి హాస్టల్‌కి వచ్చింది. అదే నల్ల బురఖా. చేతిలో సంచి, అందులో ఖర్జూరాలు, నిడో డబ్బా, అత్తరు సీసా. గేటు దగ్గర నాతో ముగ్గురు ఫ్రెండ్స్ ఉన్నారు. "ఎవరే?" అని ఒకమ్మాయి అడిగింది. "మా ఊరావిడ. అమ్మ ఏవో ఇచ్చి పంపింది" అన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు. వాళ్లు నన్ను ఏమీ అనలేదు, ఎగతాళి చేయలేదు. తప్పు పూర్తిగా నాదే. చిన్నమ్మకి వినబడింది. "బాగా చదువుకోండమ్మా" అని అందరికీ చెప్పి వెళ్లిపోయింది. నా ఫీజులో సగం ఆవిడ పంపినదే.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చిన్నమ్మ అక్కడే ఉంది. ఇద్దరం కూర్చుని అనపకాయలు ఒలుస్తుంటే చివరికి అడిగేశాను, బురఖా ఎందుకు మొదలుపెట్టావని. మతం గురించి ఏదో చెప్తుందనుకున్నా.

"మొదట్లో చుడీదార్‌లోనే బయటికి పోతాంటి పాపా. కార్లు పక్కన ఆపి హారన్ కొడతాండ్రి. పక్కింట్లో పనిచేసే రాజంపేటామె చెప్పింది, బురఖా వేసుకో, అప్పుడు మేడమ్ ఎవురో ఖద్దామా ఎవురో బయటోళ్లకి తెలీదని."

ఖద్దామా అంటే పనిమనిషి. కువైట్‌లో బురఖా తప్పనిసరి అనే చట్టమేమీ లేదు. వాళ్ల మేడమ్ కూతుళ్లు జీన్స్‌లోనే కాలేజీకి పోయేవాళ్లట. అంటే ఆ ఇంట్లో బురఖా ఎక్కువ అవసరమైంది మా చిన్నమ్మకే.

ఒక వేసవిలో వాళ్లు లండన్ పోతూ, పిల్లల్ని చూసుకోడానికి చిన్నమ్మనీ తీసుకెళ్లారు. విమానం దిగేలోపే మేడమ్ బురఖా మడిచి బ్యాగులో పెట్టేసిందట. కోటు, ప్యాంటు, విరబోసుకున్న జుట్టు. "నువ్వూ తీసెయ్యి" అందట. చిన్నమ్మ తియ్యలేదు.

"ఎందుకు?"

"ఆమెకి ఆడ ఎవురూ తెలిసినోళ్లు లేరు, అందుకే తీసింది. నాకూ ఎవురూ తెలిసినోళ్లు లేరు, అందుకే తియ్యలా."

ఈ ఒక్క మాట నాకు చాలా రోజులు బుర్రలో తిరిగింది. తర్వాత కూర్చుని కొంచెం చదివాను. 2019లో సౌదీ అరేబియా టూరిస్ట్ వీసాలు మొదలుపెట్టి, విదేశీ ఆడవాళ్లకి అబాయా తప్పనిసరి కాదంది. 2023లో ఫ్రాన్స్ తన ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలు అబాయా వేసుకోకూడదంది. గుడ్డ ఒకటే. ఒకచోట వద్దనుకుంటే మానేయొచ్చు, ఇంకోచోట కావాలన్నా కుదరదు. మధ్యలో ఉన్న అమ్మాయికి ఏం కావాలో అడిగిన వార్త మాత్రం నాకు చాలా తక్కువగా కనబడింది.

చిన్నమ్మ కువైట్ నుంచి బస్సులో మక్కాకి ఉమ్రా కూడా చేసొచ్చింది. ఇహ్రాంలో ఉన్న ఆడవాళ్లు ముఖానికి నిఖాబ్ వేసుకోకూడదని, మగవాళ్లు కుట్టని రెండు గుడ్డలే కట్టుకోవాలని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. "ఇండోనేషియావాళ్లు తెల్లగా, ఆఫ్రికావాళ్లు రంగురంగులుగా, అందరూ ఒకే దేవుడి చుట్టూ తిరగతాండారు. అరే, నా పూల చీర కట్టుకొచ్చి పైన ముసుగేసుకున్నా సరిపోతాండె కదా అనిపించింది" అని నవ్వింది. ప్రయాణంలో ఉన్నవాళ్లు నాలుగు రకాతుల నమాజు రెండే చేసుకోవచ్చట. రంజాన్ ఉపవాసం తర్వాత తీర్చుకోవచ్చట. "ఊరు దాటితే మనిషికి కష్టమని దేవుడికి తెలుసు పాపా. మనుషులకే తెలీదు" అంది.

ఆ మాట నన్నుద్దేశించి అనలేదు. నాకే తగిలింది. ఆలోచిస్తే నేనూ తక్కువేం కాదు. ప్రతి సెలవుకీ రాయచోటి బస్సు ఎక్కేముందు హాస్టల్‌లో జీన్స్ విప్పి చుడీదార్ వేసుకుంటా. ఊర్లో దిగగానే చున్నీ తలమీదకి వచ్చేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ రివర్స్. రెండు వందల కిలోమీటర్లకే నేనింత మారితే, సముద్రం దాటిన మనిషి మారిందని ముఖం చిట్లించాను. చిన్నమ్మ ఇప్పుడు ఇంట్లో చీర కడుతుంది, టౌన్‌కి పోతే బురఖా వేస్తుంది. ఏది నిజం చిన్నమ్మ అని అడిగితే "రెండూ నావే, డబ్బులిచ్చి కొనుక్కున్నా" అంటుంది.

అనపకాయలు అయిపోయాక లేస్తూ అంది, "ఆ పొద్దు మా ఊరావిడ అంటివి కదా." నా గొంతు ఎండిపోయింది. "అబద్ధమేం కాదులే, మీ ఊరిదాన్నే" అని చేట తీసుకుని లోపలికి పోయింది. క్షమించమని అడగడానికి కూడా నాకు టైమ్ ఇవ్వలేదు.

ఈ నెలాఖరుకి ఆవిడ మళ్లీ కువైట్ పోతోంది. పోయే ముందు ఒకసారి హాస్టల్‌కి వస్తానంది. చీరలో వస్తుందో, బురఖాలో వస్తుందో నేను అడగలేదు. మా రూమ్‌లో వాళ్లకి మాత్రం ముందే చెప్పాను, మా చిన్నమ్మ వస్తోందని.