ధాన్యాగారంతో మొదలుపెట్టు

గండికోటలో గైడు పని నేర్చుకుంటానని వచ్చావు గనక ఒక మాట ముందే చెబుతున్నా. బండి దిగేవాళ్లను బాగా చూడు. వెంట పిల్లలున్నారా, లేరా? నువ్వు నడిపించే దారి దాన్నిబట్టే మారాలి.

నాకిది ఆలస్యంగా తెలిసింది. పనిలో చేరిన ఏడాది ఒక బడి పిల్లలు వచ్చారు. కోట వాకిట్లోనే నిలబెట్టి కోటనేలిన పెమ్మసాని నాయకుల వంశమంతా ఏకరువు పెట్టాను. తడుముకోకుండా చెప్పగలనని గర్వం. తల తిప్పి చూస్తే వెనక వరసే లేదు. పెన్నా లోయ అంచున, అడ్డంలేని బండమీద, నలుగురు పిల్లలు కిందికి వంగి చూస్తున్నారు. అరిస్తే ఉలిక్కిపడతారని అడుగులో అడుగు వేసుకుంటూ పోయి చొక్కాలు పట్టుకున్నాను. ఆ భయం ఇప్పటికీ పోలేదు. లోయ దగ్గరికి పోయేముందు ప్రతి బిడ్డ చెయ్యీ పెద్దవాళ్లలో ఒకరి చేతిలో పెట్టించు. మొహమాటపడకు.

నాకు పని నేర్పింది కోటలోనే పుట్టి పెరిగిన పెద్దాయన. ఆరోజు ఆయన నన్ను కోప్పడలేదు. “పిల్లోళ్లకు ముందు వాళ్ల గొంతు వాళ్లకు వినిపించు అబ్బీ, ఆ తర్వాత నీది వింటారు” అని ధాన్యాగారంలోకి తీసుకుపోయాడు. అప్పటినుంచీ పిల్లలకు నా మొదటి మజిలీ అదే. ఆ రాతి కప్పు కింద ఎవరి పేరు వాళ్లను పిలుచుకోమంటాను. పేరు తిరిగొస్తుంది. నవ్వులు ఆగాక అడుగుతాను: ఇంత పెద్ద కొట్టు నిండా గింజలెందుకు దాచారు? ముట్టడి అంటే ఏమిటో వాళ్లే చెప్పేస్తారు. పక్కనే జామియా మసీదు, ఆ తర్వాత మాధవరాయస్వామి గుడి.

గుడిలో ఫిరంగుల కథ చెప్పు. కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికొచ్చాక, 1652లో ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే ఇక్కడికి వచ్చాడు. గుళ్లలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించారని, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదని రాసుకున్నాడు. పిల్లలు ఖాళీ గర్భగుడిలోకి తొంగిచూస్తారు. అప్పుడు నువ్వేం మాట్లాడకు. ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

పిల్లలు లేని జంటలతో, పెద్దవాళ్లతో మాట తగ్గించు. తావెర్నియే పేరు, తేదీ, ఎర్రమల కొండలను పెన్న కోసుకుపోయిన తీరు క్లుప్తంగా చెప్పి, లోయ దగ్గర కూర్చోబెట్టి దూరంగా నిలబడు. ఫొటోలయ్యాక వాళ్లే పిలుస్తారు. ఒక రిటైరైన మాస్టారు గంటసేపు నోరు విప్పలేదు. లేచి వెళ్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. నా పనికి అంతకన్నా పెద్ద మెప్పు నాకు దొరకలేదు.

కోట చూశాక మ్యూజియం ఎక్కడని అడుగుతారు. కడపకు పంపు. జైనుల విరాళాలతో 1982లో వెలసిన భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో మన జిల్లా విగ్రహాలు, శాసనాలు ఉన్నాయి. పిల్లలతో అయితే అన్నీ చూపించకూడదు. మూడు వస్తువులు చాలు. ఈ కిటుకు నాకు చెప్పింది ఒక మ్యూజియం అటెండరు. శాసనం ముందు నిలబెట్టి, తాకకుండా, తెలిసిన అక్షరం ఒక్కటి వెతకమనాలి. ప్రొద్దుటూరు పాప ఒకతె చాలాసేపు వెతికి “ఇది మన ‘ర’ కదా సార్!” అని గట్టిగా అరిచింది. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి, 575 ప్రాంతపుది, మీ ఊరికి దగ్గర్లోని కలమళ్లదేనని చెబితే వాళ్ల నాన్న కూడా నోరు తెరిచాడు. ఆ మాట ఆయన అంతవరకు వినలేదట.

రేపు ఆరుకల్లా కోట వాకిలి దగ్గరికి రా. ఎండెక్కితే బండలు కాలుతాయి, పిల్లలు నిలబడరు. జమ్మలమడుగు నుంచి బడి బస్సు వస్తోంది. లోయ వైపు నేనుంటా, ధాన్యాగారంలో నువ్వు మాట్లాడు.