వేమన గురించి ఎవరేమన్నారు?

పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలలో మొదటి పుటలు దాటగానే ఒక అధ్యాయం ఎదురవుతుంది. దాని పేరు పూర్వ పరిశోధనల సమీక్ష. రాసేవాడు దాన్ని శ్రద్ధగా రాయడు, పరీక్షించేవాడు శ్రద్ధగా చదవడు. ఫలానా సంవత్సరంలో ఫలానావారు ఫలానా గ్రంథం రాశారు. అందులో ఇన్ని ప్రకరణాలున్నాయి. ఇది వారి విశేష కృషికి నిదర్శనం. ఈ మూడు వాక్యాలూ పేర్లు మార్చి ముప్ఫైసార్లు రాస్తే అధ్యాయం పూర్తి అవుతుంది. పెళ్లి పందిట్లో చదివింపులు చదివినట్టు ఉంటుంది ఆ వరస.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లోనూ రాత్రిపూటా పరిశోధన సాగిస్తున్నాను. నా విషయం వేమన మీద వచ్చిన విమర్శ. నా తోటి పరిశోధకుల్లో చాలామంది తమ ఇళ్లల్లో కళాశాల గడప తొక్కిన మొదటి తరంవారు. వారి అధ్యాయాలు చదివింపుల జాబితాలుగా తయారవుతున్నాయంటే అది తెలివి తక్కువై కాదు, ఓపిక లేకా కాదు. అచ్చయిన మాటను ప్రశ్నించవచ్చునని వారికి చిన్నప్పటినుంచీ ఎవరూ చెప్పలేదు. జవాబులు బట్టీపట్టి ఎం.ఏ. దాకా గట్టెక్కినవాణ్ణి పట్టుకుని ఒక్కసారిగా "విమర్శనాత్మకంగా చదువు" అనటం, ఈత నేర్పకుండా ఏట్లోకి దింపటం వంటిది. గ్రంథచౌర్యాన్ని అరికట్టటానికి యు.జి.సి. 2018లో నిబంధనలు చేసింది. ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటితే చర్యలుంటాయి. పోలికలు వెతికే యంత్రం పరాయివాడి వాక్యాన్ని పట్టుకోగలదు గాని, ఆలోచన లేని వాక్యాన్ని పట్టుకోలేదు. ఆ పని మనమే చేసుకోవాలి.

నేను తయారు చేసుకున్న గ్రంథాల పట్టికను మా పర్యవేక్షకులు ఓపికగా చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"బాగానే ఉందయ్యా. ఇంతకూ వీళ్లంతా చదివింది ఒకే వేమననేనా?"

ఈ ప్రశ్న ఎంత దూరం పోతుందో ఆలోచించండి. వేమన స్వహస్తంతో రాసిన ప్రతి మనకు లేదు. ఆయన పద్యాలు జనం నోళ్లలోనూ, తాటాకుల మీదా, ఊరికొక తీరున నిలిచాయి. ఆటవెలది తెలిసిన ఎవడైనా మూడు పాదాలు కట్టి, నాలుగో పాదంగా ఆ మకుటం తగిలిస్తే చాలు, అది వేమన పద్యమై ఊళ్లు తిరిగి వస్తుంది. కంపెనీ కొలువులో ఉన్న సి.పి. బ్రౌను అనేక ప్రతులు సేకరించి, వాటిలో నుంచి ఏరి, 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. 1839లో వెయ్యికి పైగా పద్యాలతో మరొక కూర్పు తెచ్చాడు. బ్రౌను సేకరణకన్న పాతదైన ఒక రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో ఉన్నది. దాన్ని ఎన్. గోపి 1990లో ప్రకటించారు. ఇక బజారులో దొరికే సంపుటాలకు లెక్కే లేదు. కనక "వేమన ఇట్లా అన్నాడు" అని ఎవరు రాసినా మనం మొదట అడగవలసిన మాట: ఎవరు ఏరిన వేమన?

అప్పటినుంచి ప్రతి విమర్శకుడి పేరు ఎదుటా నాలుగు గళ్లు గీసుకోవటం నాకు అలవాటయింది. ఆయన చేతిలో ఉన్న ప్రతి ఏది అనేది మొదటి గడి. ఎవరికోసం, ఏ ప్రశ్నకు జవాబుగా రాశాడనేది రెండవది. ఏ పద్యాలను సాక్ష్యానికి పిలిచాడనేది మూడవది. ఏ పద్యాలను పిలవలేదనేది నాలుగవది. మొదటి మూడూ పుస్తకం చదివితే నిండుతాయి. నాలుగవది నిండాలంటే పుస్తకం మూసి, పద్యాల దగ్గరికి పోవాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఈ గళ్లు నింపుతుంటే జాబితాలో పక్కపక్కన కూచున్న పేర్లు కదలటం మొదలుపెడతాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ సంస్కృత ప్రాకృతాలు క్షుణ్ణంగా తెలిసిన పండితుడు, సంగీత విద్వాంసుడు. ఆయన వేమన మీద 1928లో అనంతపురంలో ఉపన్యాసాలిచ్చారు. పండితులనేకులు వేమనను కవుల పంక్తిలో కూచోబెట్టటానికి సందేహిస్తున్న కాలమది. వేమనను కవిగా నిలబెట్టటం ఆ సభలో చేయవలసిన పని. నార్ల వెంకటేశ్వరరావు పత్రికా సంపాదకుడు, హేతువాది. సాహిత్య అకాడమీ 1969లో ప్రచురించిన ఆయన చిన్న పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది. అది తెలుగు రాని పాఠకుడికి వేమనను పరిచయం చేయటానికి పుట్టింది. గోపి "ప్రజాకవి వేమన" విశ్వవిద్యాలయ పరిశోధన. 1980 నాటి ఆ గ్రంథంలో వాదం పేరులోనే ఉన్నది. ముగ్గురి ముందూ మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. "వీరందరూ వేమన గొప్పతనాన్ని చాటిచెప్పారు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే, మనం ముగ్గుర్నీ చదవనట్టే లెక్క.

ఐతే ఈ పద్ధతి అసలు పదును నాకు తెలిసివచ్చింది తరగతి గదిలో. ఒకనాడు వేమన సంఘ విమర్శను గురించి పాఠం చెప్పి ముగించాను. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని బజారు సంపుటమొకటి తెరిచి, ఆడవాళ్లను అతి నీచంగా చిత్రించే పద్యం చూపించింది.

"సార్, ఇది కూడా ప్రజాకవి రాసిందేనా?"

వెనక బెంచీల్లో నవ్వులు. "అది ఎవరో చేర్చింది" అన్నాడొక కుర్రవాడు. ఆమె అతనివైపు తిరిగి, "మనకు నచ్చినవన్నీ ఆయనవీ, నచ్చనివన్నీ ఎవరో చేర్చినవీ అంటే ఎట్లా?" అన్నది.

విమర్శ అనే మాటకు ఇంతకన్న మంచి నిర్వచనం నేను పెద్ద గ్రంథాల్లోనూ చూడలేదు. ఒక పద్యాన్ని ప్రక్షిప్తమనాలంటే ఆధారం కావాలి. పాత ప్రతుల్లో ఉన్నదా, భాష ఏ కాలపుది, నడక ఎట్లా ఉన్నది అని చూడాలి. అదే పరీక్షను కులాన్నీ విగ్రహారాధననూ దెబ్బకొట్టే మన ప్రియమైన పద్యాలకు కూడా పెట్టాలి. పాత ప్రతిలో లేనంత మాత్రాన ఒక పద్యం వేమనది కాకుండా పోదు. ఎందుకంటే ఆ లేఖకుడు కూడా ఏరుకునే రాసి ఉండవచ్చు. ఒకవేళ ఆ స్త్రీనింద వేమనదే అని తేలిందనుకోండి. కులం మీద కత్తి దూసినవాడు ఇంట్లో ఆడదాని విషయంలో తన కాలాన్ని దాటలేకపోయాడన్నమాట. ఆ వైరుధ్యం ఆనాటి సమాజాన్ని గురించి మనకు చెప్పేది చాలా ఉన్నది. ఆయనది కాదని తేలిందనుకోండి. ఆ పద్యం చేర్చినవాడికి వేమన పేరు ఎందుకు కావలసివచ్చింది, జనం దాన్ని ఎందుకు మోశారు అనే ప్రశ్న మిగులుతుంది. రసవాదాన్నీ యోగాన్నీ గురించిన పద్యాల సంగతీ ఇంతే. "ప్రక్షిప్తం" అనగానే పని ముగిసిందనుకోకూడదు. పని అప్పుడే మొదలవుతుంది.

ఈ మాట ముఖ్యంగా మనబోటివారికి అవసరం. సాహిత్యాన్ని సమాజంలో నుంచి చూడాలని మనం అంటాం. ఆ దృష్టి సరైనదనే నా నమ్మకం. ఐతే అవతలివాడి పుస్తకాన్ని భూతద్దం పెట్టి చదివి, మనవాడి పుస్తకాన్ని చేతులు జోడించి చదివితే, దాన్ని దృష్టి అనటానికి వీల్లేదు, పక్షపాతం అనాలి. విమర్శకుడి వర్గం పేరు చెప్పి అవతల పారేయటం కూడా విశ్లేషణ కాదు. ఆ ఒక్క కొలతతో చూస్తే, సంప్రదాయ పాండిత్యంలో పెరిగిన రాళ్లపల్లి 1928లోనే వేమన పక్షాన ఎట్లా నిలబడ్డారో మనం వివరించలేం.

అందువల్ల నేను నా అధ్యాయాన్ని పేర్ల వరసన గాక, తగాదాల వరసన పేరుస్తున్నాను. పాఠం ఏది? కాలం ఏది? కవా, యోగా? ప్రజలంటే ఏ ప్రజలు? ఒక్కొక్క తగాదాలో ఎవరేమన్నారు, దేని మీద నిలబడి అన్నారు, ఆ ఆధారం తీసేస్తే వాదం నిలుస్తుందా, చివరికి తేలకుండా మిగిలిందేమిటి అని రాస్తాను. ఆ మిగిలినదే నా పరిశోధనకు చోటు. పరిశోధక విద్యార్థులకు ఒక చిన్న అభ్యాసం కూడా చెబుతుంటాను. పుస్తకం మూసి, అందులోని వాదాన్ని సొంత మాటల్లో ఒక్క వాక్యంగా రాయండి. గ్రంథకర్త చదివితే "ఔను, నేనన్నది ఇదే" అనేటట్టు ఉండాలి. ఆ తరవాతనే మీ అభ్యంతరం రాయండి. మొదటి వాక్యం సరిగా కుదరనివాడికి రెండవది రాసే హక్కు లేదు.

ఇంత శ్రమ ఒక్క పట్టా కోసమైతే వృథా. ఏ ప్రతి, ఎవరు ఏరారు, దేన్ని వదిలేశారు అని అడగటం నేర్చిన విద్యార్థి రేపు పత్రికలో వార్తనూ, ప్రభుత్వం చెప్పే లెక్కనూ, చివరికి మనం వేదికల మీద చెప్పే మాటనూ అట్లాగే అడుగుతాడు. ఆ మూడవదానికి మనం సిద్ధంగా ఉండాలి.