22 గళ్ళలో ఒక పాట

అరిసెలు చేయాలంటే ముందురోజే బియ్యం నానబోస్తాం. బెల్లం ఎంత, నువ్వులెన్ని, ఒత్తడానికి తోడెవరు అని లెక్క చూసుకుంటాం. పాకం పొయ్యి మీద పెట్టాక వెతుక్కుంటే కుదురుతుందా? కుదరదు కదండీ! పాటను వీడియో తీయడం కూడా అచ్చం అలాంటిదే. మా అమ్మాయి పుణ్యమా అని నాకీ సంగతి తెలిసింది.

మాది కపిలేశ్వరపురం. నాలుగడుగులు వేస్తే గౌతమీ గోదావరి గట్టు. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. జట్టుకొక 4 నిమిషాల పాట వీడియో తీసుకురమ్మన్నారు కాలేజీలో. ఆరుగురు ఆడపిల్లలు కలిసి గోదావరి మీద సొంతంగా పాట కట్టుకున్నారు. వాళ్ళలో మంచి గొంతున్నది ఒక్క పిల్లకే. ఆ పిల్ల తాతగారేమో, "పాడితే పాడనివ్వండి, మొహం మాత్రం వీడియోలో పడటానికి వీల్లేదు" అని తేల్చేశారు.

మీరు ఆయన్ని తప్పుపట్టకండి. మా ఊళ్ళో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. ఆడపిల్లలు గజ్జె కట్టి, చిడతలు పట్టి, నిండు సభలో ఒంటరిగా నిలబడి కథ చెప్పడం మాకు కొత్త కాదు. కానీ సభలో ఎదురుగా కూర్చున్నదెవరో కనిపిస్తుంది. ఫోనులోకెక్కిన మొహం ఎక్కడెక్కడికి పోతుందో, దాన్ని ఎవరేం చేస్తారో తెలియదు. ఆడపిల్లల తల్లులం, ఆ భయం మనకు మాత్రం లేదూ?

"చెప్పకుండా తీసేద్దాం" అంది ఒకతె. "వేరే ఎవరైనా పాడితే పోలే" అంది ఇంకొకతె. గొంతున్న పిల్ల తల వంచుకుని కూర్చుంది. నాకు మనసాగలేదు. "దొంగతనమూ వద్దు, పిల్లని వదిలెయ్యడమూ వద్దు. సినిమా వాళ్ళు పాటలెలా తీస్తారో ముందు తెలుసుకుందాం" అన్నాను.

మన బాపుగారు సినిమా తీసే ముందు షాట్లన్నీ బొమ్మలుగా గీసుకునేవారట. ఆయన మొదటి సినిమా 'సాక్షి' (1967) తీసింది మన గోదావరి పల్లె పులిదిండిలోనే. అందుకని పిల్లలచేత రూళ్ళ పుస్తకంలో గళ్ళు గీయించాను. 4 నిమిషాలంటే 240 సెకన్లు. 22 గళ్ళు వచ్చాయి. అంటే సగటున ఒక్కో షాటు 11 సెకన్లు. ప్రతి గడిలో ఎవరున్నారు, ఎంత దూరం నుంచి తీయాలి, పాటలో ఏ మాట దగ్గర మొదలవ్వాలి అన్నీ రాశారు.

ఆ రోజుల్లో ఫిల్ముకి పొదుపు ఎక్కువ. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున తిరుగుతుంది. 1,000 అడుగుల రీలు 11 నిమిషాలకల్లా అయిపోతుంది. అందుకే పదిసార్లు రిహార్సల్ చేసి ఒకటి రెండుసార్లు తీసేవారు. ఫోనుకా పొదుపు అక్కర్లేదు కదా అంటారు పిల్లలు. అక్కర్లేదు నిజమే, కానీ సాయంత్రపు వెలుగు మాత్రం ఎవరి కోసమూ ఆగదమ్మా!

వెలుగంటే గుర్తొచ్చింది. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్‌ట్లీ చూపించిన వెన్నెలని ఇప్పటికీ చెప్పుకుంటాం కదా! తెర మీద కనిపించేదంతా కెమెరా పట్టినవాడు ఎంచి చూపించిందే. ఈ మాట పట్టుకునే మా చిక్కుముడి విప్పుకున్నాం.

గొంతున్న పిల్లకి 9 గళ్ళు కేటాయించారు. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. చిడతలు పట్టిన చెయ్యి దగ్గరగా ఒకటి. గజ్జెల కాళ్ళు నేల మీద నుంచి ఒకటి. రేవుమెట్ల మీద నీడ ఒకటి. పొద్దువాలే వేళ వెలుగుకి అడ్డంగా నిలబెడితే మనిషి నల్లని ఆకారమై కనిపిస్తుంది, అదొకటి. దానికి కిటుకేమిటంటే, ఫోను తెర మీద ఆకాశం ఉన్నచోట వేలితో నొక్కి పట్టుకోవాలి. మొహం మీద నొక్కితే మొహం తెల్లబడి ఆకాశం పాలిపోతుంది.

మీ పిల్లలకీ పనికొస్తాయని ఇంకొన్ని చెబుతాను. పాట ముందే రికార్డు చేసుకుని, స్పీకర్లో పెట్టి, దానికి తగ్గట్టు పెదవి కలపాలి. గజ్జెల అడుగు నెమ్మదిగా కనిపించాలా? సెకనుకు 60 బొమ్మలు తీసి 30 చొప్పున ఆడించాలి. అప్పుడు తాళం తప్పకుండా ఉండాలంటే, తీసేటప్పుడు పాటని రెట్టింపు వేగంతో పెట్టి ఆ వేగానికే ఆడాలి. మావాళ్ళు నవ్వలేక చచ్చారు! ఒక షాటులో ఎడమ నుంచి కుడికి నడిచిన మనిషి, తర్వాతి దాంట్లో కుడి నుంచి ఎడమకి వస్తే ఇంటికి తిరిగొస్తున్నట్టుంటుంది, జాగ్రత్త. మిట్టమధ్యాహ్నం తీస్తే కళ్ళకింద నీడలు పడతాయి. మొహానికి వెలుగు కావాలంటే తెల్లటి థర్మోకోల్ అట్టో, సిల్వర్ కాగితం అంటించిన అట్టపెట్టె మూతో పట్టుకుంటే చాలు. ట్రాలీ బదులు సైకిలు వెనక కూర్చుని తీయొచ్చు. పడవ మాత్రం ఈతొచ్చిన పెద్దలు, లైఫ్ జాకెట్లు లేకుండా వద్దు. మేం గట్టుతోనే సరిపెట్టుకున్నాం.

తీయడానికి ముందు ఆ పుస్తకం తాతగారికి చూపించాం. కళ్ళజోడు పెట్టుకుని గడిగడీ చూశారు. కాసేపు మాట్లాడలేదు. 14వ గడి దగ్గర ఆగి, "చిడతలు ఇలా పట్టుకోరే" అని తన చేత్తో చూపించారు. అదే ఆయన ఒప్పుకోలు. అయితే షరతు పెట్టారు: మనవరాలి పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో వెయ్యాలట!

చూశారా, పిల్లలు ఏం చేయబోతున్నారో పెద్దవాళ్ళకి కాగితం మీద కనబడితే సగం భయం పోతుంది. మీ ఇంట్లో కూడా అమ్మాయి ఫోను పట్టుకుని "అమ్మా, వీడియో తీస్తాం" అంటే వద్దని కసరకండి. రూళ్ళ పుస్తకం, పెన్సిలు చేతికివ్వండి. గళ్ళు గీయనివ్వండి. పక్కన కూర్చుని మీరూ రెండు గళ్ళు నింపండి. వంటింట్లో లెక్క తప్పనివాళ్ళం, ఈ లెక్క మనకి రాదా ఏమిటి?