నల్లటి తెర

రాత్రి అంట్లు తోమి, వంటిల్లు సర్ది పక్క మీద వాలితే గానీ నాకు చదువుకునే వేళ దొరకదు. ఫోన్ తెరవగానే ఆ తెల్లటి వెలుగు మావారి మొహాన పడేది. ఆయన డ్యూటీకి తెల్లవారుజామున 4 గంటలకే లేవాలి. పాపం, ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకునేవారు.

అది చూసి మా అమ్మాయి డార్క్ మోడ్ పెట్టింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. 2019లో ఆండ్రాయిడ్ 10తోనే వచ్చిందట! ఓఎల్ఈడీ తెరయితే నల్లగా ఉన్నచోట వెలుగే ఉండదు కాబట్టి బ్యాటరీ కూడా కలిసొస్తుందట. ఇంకేం, ఇంట్లో ట్యాబ్‌కి కూడా పెట్టించేశాను.

వారం గడిచాక గమనించాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ట్యాబ్‌లో పేపరు చదివే అత్తయ్యగారు ఊరికే కూర్చుంటున్నారు.

"ఏం అత్తయ్యా, చదవట్లేదేంటి?"

"నా చూపు పోతోందే అమ్మాయ్. అక్షరాలన్నీ అలుక్కుపోతున్నాయి."

వారం రోజులూ ఎవరికీ చెప్పకుండా భయపడుతూ గడిపారన్నమాట! నా ప్రాణం ఉసూరుమంది.

కళ్ళ డాక్టరుకి చూపించాం. చూపు తగ్గలేదు. ఆవిడకి ఎప్పటినుంచో ఆస్టిగ్మాటిజం ఉంది. నల్లటి తెర చూసేటప్పుడు కంటిపాప పెద్దదవుతుందట, దాంతో తెల్లక్షరాల అంచులు చెదిరినట్టు కనిపిస్తాయట.

ఇప్పుడు ట్యాబ్ ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. నా ఫోన్ మాత్రం పొద్దుగూకాక నల్లబడి, తెల్లారాక దానంతటదే మారేలా పెట్టుకున్నాను.

నిన్న అత్తయ్యగారు పేపరు చూస్తూ, "ఉల్లిపాయల ధర మళ్ళీ పెరిగిందే" అన్నారు. ఆ కబురు కూడా నా చెవికి తియ్యగానే వినిపించింది.