పది సెకన్ల కుస్తీ

కోరుట్లల చిన్నప్పుడు టీవీ ఉన్నోళ్లింటికి కుస్తీ చూడవోతే నన్ను గడప బయటనే కూసోబెట్టేటోళ్లు. తర్వాత వాకిట్ల ఆట. అండర్‌టేకర్ వాళ్లు, ఓడిపోయేటోన్ని నేను. "టీవీల గూడ గెలుపోటములు ముందే రాస్తర్రా" అని మా అన్న అనేటోడు.

నిజమే. అందుకే నా గొడవ రాసేటోళ్లతోని.

ఘానాల పుట్టిన నల్లజాతి బిడ్డ కోఫీ కింగ్‌స్టన్. డబ్ల్యూడబ్ల్యూఈ తెర మీద 11 ఏండ్లు ఆడినంక, 2019 ఏప్రిల్ 7న రెసిల్‌మేనియాల డేనియల్ బ్రయాన్‌ను ఓడగొట్టి పెద్ద బెల్టు ఎత్తిండు. చూసి ఏడ్చిన. అక్టోబర్ 4న బ్రాక్ లెస్నర్ చేతుల ఓడిపిచ్చిన్రు. పది సెకన్లు గూడ పట్టలే.

లెస్నర్ చేతుల శానామంది ఓడిన్రు, దానికి బాధ లేదు. ఇరవై నిమిషాలు కొట్లాడనిస్తే ఏం పోతుండె? బెల్టు కోసం ఆ ఇద్దరికి మళ్లొక్క పోటీ గూడ పెట్టలే. కోఫీని పాత జట్టుల నవ్వుకుంట నిలబెట్టిన్రు. కోపం గూడ రాయలే ఆయనకు.

మన మీటింగుల్ల చూస్తలేమా? స్టేజీ మీద మనోనికి కుర్చీ ఏస్తరు, ఫొటో దిగుతరు. మైకు చేతికొచ్చేసరికి టైం అయిపోయిందంటరు.

మీకు గూడ గిట్లయిందా? కింద రాయున్రి.